తువ్వాల కింద ముప్పై సూదులు

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, మాఘమాసం చలి ఇంకా వదలని రోజుల్లో, నర్సింగు మూడో సంవత్సరం చదువుతున్న మా క్లాసులోంచి ఆరుగురిని ఎనిమిది వారాల శిక్షణకు మదనపల్లె పంపించారు. ఊరికి అవతల, కొండల మధ్య ఉండే క్షయ ఆస్పత్రికి. మిగతా ఐదుగురూ ఏడుపుమొహాలు పెట్టారు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. ఇరవయ్యేళ్ళొచ్చినా నెల్లూరు దాటి గూడూరు తప్ప నేను చూసిన ఊరు లేదు. "క్షయ ఆస్పత్రికి పోతా పెళ్ళికి పోతున్నట్టు ఆ సంబరమేందే" అంది మా అమ్మ. సంబరం దాచుకోవడం నాకు చేతకాదు, ఇప్పటికీ.

తెల్లవారుజామున ఐదుకు నెల్లూరులో బయలుదేరి, దారిలో రెండుసార్లు బండి మారి, పాకాలలో మీటర్ గేజి రైలెక్కాం. ఆ బండి ఎంత తీరుబడిగా పోతుందంటే, మధ్యలో ఒక స్టేషన్లో గార్డు దిగి మజ్జిగ తాగి, గ్లాసు కడిగిచ్చి మరీ ఎక్కాడు. సాయంత్రం అయిదున్నరకు మదనపల్లె రోడ్డులో దిగాం. పేరు చూసి ఊరొచ్చిందనుకుంటే పప్పులో కాలేసినట్టే. అసలు ఊరు అక్కడికి ఇంకా చాలా దూరం, బస్సు పట్టుకోవాలి. ఈ దారిన వచ్చేవాళ్ళు వెంట ఒక శాలువా ఉంచుకోండి. నెల్లూరు ఉక్కలో పుట్టినదాన్ని, ఆ బస్సు కిటికీ దగ్గర పళ్ళు టకటకమంటుంటే కూడా కిటికీ మూయనివ్వలేదు.

ఆదివారాలు మాకు మధ్యాహ్నం నుంచి సెలవు. ఆరింటికల్లా హాస్టల్లో ఉండాలి. మొదటి ఆదివారమే మదనపల్లె బజారు మొత్తం చుట్టేశాను. ఒక పూటకూళ్ళమ్మ దగ్గర రాగిసంగటి, శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి తిన్నాను. సంగటిని నమలకుండా మింగాలని తెలియక నేను అన్నంలాగా నములుతుంటే ఆమె నా ఎదుటే కూర్చుని, "ఏ ఊరు పాపా నీది, సంగటి తినను గూడా రాదే" అని జాలిపడింది. రెండో ముద్దకే నేర్చుకున్నాను.

మూడో వారంలో మాకు ఒక్కొక్కరికి ఒక్కొక్క రోగిని అప్పగించారు. ఆ మనిషి గురించి మొదటినుంచి చివరిదాకా రాసి ఇవ్వాలి. నాకు వచ్చినాయన రెడ్డెప్ప. వయసు ముప్పై అయిదు, పుంగనూరు పక్క పల్లె, పశువుల సంతలో దళారి. రోజుకొకటి చొప్పున తొంభై సూదులు పడాలి. అరవై పడ్డాయి. రెండు రోజుల్లో వస్తానని సెలవడిగి వెళ్ళినవాడు పదిరోజులైనా రాలేదు.

"మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. అప్పుడు ఈ మందులు కూడా పనిచెయ్యవు" అన్నారు మా పెద్ద సిస్టరు. ఊళ్ళు తిరిగి రోగుల్ని వెతికే ఉద్యోగి సెలవులో ఉన్నాడు. నేను పోతానన్నాను. నిజం చెప్పాలంటే అందులో సగం రెడ్డెప్ప కోసం, సగం పుంగనూరు చూడొచ్చని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "యూనిఫారంలో పో, దారిలో ఎవరూ ఏమీ అనరు" అన్నారు. అక్కడే ఇద్దరం పొరపాటు చేశాం.

సంతరోజు ఉదయం ఏడుంపావు బస్సు. టికెట్టు రూపాయిపావలా. పక్కన నిమ్మనపల్లె నుంచి వచ్చిన ముసలి రైతు, దుక్కిటెద్దు కొనడానికి పోతున్నాడు. నెల్లూరు నుంచి వచ్చానంటే, సంత ఎలా చెయ్యాలో నాకు దారిపొడుగునా పాఠం చెప్పాడు.

"ఆడ ఎవురూ ధర నోటితో సెప్పరు మ్మా. దళారి సేతిమీద తువ్వాల కప్పుతాడు. దాని కింద యేళ్ళు పట్టుకోని బేరం. ఒక యేలంటే పది, లేకుంటే నూరు, సరుకును బట్టి. పక్కనోనికి తెలీకూడదు."

"మాట తప్పితే?"

"తువ్వాల కింద ఊఁ అనినాక మాట తిరిగితే, వాడు ఇంగ సంతలో కాలు పెట్టేదానికి ల్యా."

ఎనిమిదిన్నరకు దిగి నాలుగడుగులు వేశానో లేదో, సంత వచ్చి మీద పడింది. గంటలు, దుమ్ము, పేడ వాసన, కొమ్ములకు పూసిన రంగులు. పుంగనూరు ఆవులంటే వినడమే గానీ చూడలేదు. నా నడుం ఎత్తుకు మించి లేవు. తెల్లగా, బుజ్జిగా, ఇంట్లో పిల్లల మధ్య తిరిగేటట్టున్నాయి. వచ్చిన పని మరిచిపోయి ఒక ఆవు గంగడోలు నిమురుతూ నిలబడిపోయాను. ఎక్కడ చూసినా ఇద్దరిద్దరు మగవాళ్ళు, చేతులమీద తువ్వాలలు, ముఖాల్లో ఏ భావమూ లేదు. అంత గొడవలో ఆ బేరాలు మాత్రం నిశ్శబ్దంగా నడుస్తున్నాయి.

అప్పుడు కనబడ్డాడు రెడ్డెప్ప. ఎర్ర తువ్వాల భుజాన వేసుకుని, ఎద్దు పళ్ళు చూస్తున్నాడు. సంతోషం పట్టలేక "రెడ్డెప్పా" అని కేకేశాను. తలెత్తి చూశాడు. తెల్లచీర, తెల్లటోపీ. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎద్దు చాటుకు ఒరిగి, అటునుంచి అటే మాయమయ్యాడు.

పక్కనున్నాయన నన్నూ, నా టోపీనీ చూశాడు. "ఏం మ్మా, ఆ కొండకాడి ఆస్పత్రి నర్సమ్మవు గదా. రెడ్డెప్పతో ఏం పని నీకు?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఆ చుట్టుపక్కల మా తెల్లచీర చూసి గుర్తుపట్టనివాళ్ళు లేరు. రోజంతా పరాయివాళ్ళ చేతులు పట్టుకుని బతికే మనిషి. ఆయనకు క్షయ అని తెలిస్తే ఆ చెయ్యి ఎవరు ముట్టుకుంటారు? నేను ఆయన్ని వెతకడానికి రాలేదు, ఆయన బతుకును నడిబజార్లో పెట్టడానికి వచ్చాను. నామీద నాకే అసహ్యమేసింది.

"మా సిస్టరమ్మకు ఆవు కావాలంట" అన్నాను. అబద్ధం చెప్పడంలో నాకు పెద్ద పేరు లేదు గానీ ఆ రోజు గడగడా వచ్చేసింది.

సంత చివర గాజుల దుకాణం పెట్టుకున్న మహబూబ్‌బీ అనే ఆమె పక్కన కూలబడ్డాను. కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది. "నక్కో బేటీ, ఏడవద్దు. ఎవరన్నా ఏమన్నా అన్న్యారా?" అంది. రోగం సంగతి చెప్పలేదు. ఒక మనిషితో మాట్లాడాలని, ఈ బట్టలు చూసి పారిపోయాడని మాత్రం చెప్పాను. ఆమె నా టోపీ తీయించి గాజుల బుట్టలో పెట్టింది. తన మీది ఆకుపచ్చ దుపట్టా నాకు నిండా కప్పింది. "ఈ బోసి సేతులతో సంతలో తిరిగితే అందరూ సూస్తారు" అని రెండు చేతులకూ గాజులు తొడిగింది. నర్సింగులో చేరాక గాజులు వేసుకోవడం అదే మొదలు. ఇంత దుఃఖంలోనూ ఆ గలగల వినగానే నాకు బాగుందనిపించింది, ఏం చెయ్యను.

రెడ్డెప్ప ఈసారి ఒక పుంగనూరు ఆవు పక్కన ఉన్నాడు. చుట్టూ పదిమంది. నేరుగా వెళ్ళి నిలబడ్డాను. గుర్తుపట్టాడు. వెనక్కి జరగబోతే ఆవు అడ్డం.

"ఈ ఆవు బేరం చెయ్యాలి" అని చెయ్యి చాచాను.

నవ్వులు. "ఆడమనిషి తువ్వాల బేరం సేస్తాదంటరా, సూడండి" అన్నారు ఎవరో. నేను రోజుకు నలభైమంది నాడి చూసేదాన్ని, చెయ్యి పట్టుకోవడానికి నాకు సిగ్గేమిటి. రెడ్డెప్ప భుజంమీది తువ్వాల తీసి మా చేతులమీద కప్పాడు.

అరచెయ్యి కాలుతోంది. అలవాటు చొప్పున ముందు నాడి దొరకబుచ్చుకున్నాను. వేగంగా కొట్టుకుంటోంది. తర్వాత ఆయన వేళ్ళు మూడు పట్టుకుని గట్టిగా నొక్కాను. మూడు పదులు, ముప్పై సూదులు. ఆయన కళ్ళు నా మొహంమీద నిలిచాయి. అర్థమైంది. నోటితో మాత్రం, "మూడో ఈత మ్మా, మంచి పాలు, తన్నే గుణం ల్యా" అని ఆవును పొగుడుతూ, కింద నా వేలు ఒకటే పట్టుకున్నాడు. పది.

నేను మూడు నొక్కాను. ఆయన రెండు. మళ్ళీ మూడు. ఆయనకు దగ్గు తెర వచ్చింది, పళ్ళ బిగువున ఆపుకున్నాడు. నేను మూడు వేళ్ళూ వదల్లేదు. గాజులు చప్పుడు చేస్తాయేమోనని మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టాను. నాలుగు నెలల తర్వాత రాసిన పరీక్షలో కూడా నాకంత భయం వెయ్యలేదు.

చివరికి ఆయన పిడికిలి నా మూడు వేళ్ళనూ మూసింది. "ఊఁ" అన్నాడు.

"బేరం తెగిందా రా?" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"తెగింది" అన్నాడు తువ్వాల దులుపుతూ.

మనుషులు పలచబడ్డాక, ఆవును తోలుకుపోతున్నట్టు పక్కకు నడిచి, తగ్గుగొంతుతో మాట్లాడాడు. "నాకు బతకాలనే ఉండాది మ్మా. ఇంట్లో రెండేండ్ల బిడ్డ ఉండాది. ఎన్నాళ్ళని ఆస్పత్రిలో ఉండేది? సంతకు రాకుంటే యాల రాలేదని అడుగుతారు. ఎల్లుండి పశువుల్ని తోలుకోని కుప్పం పోతాండాను, మా అత్తగారూరు. నెల పైన ఆడనే."

"సూది ఎక్కడైనా సూదే. కుప్పం దవాఖానాకు డాక్టరుగారితో చీటీ రాయిస్తా. రోజూ పోవాలి."

"పోతా. ఊఁ అనినాక తిరిగే మనిషిని కాను. నా పేరు మాత్రం బజార్లో పెట్టొద్దు మ్మా."

మూడున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. దుపట్టా మహబూబ్‌బీకి ఇచ్చేశాను. గాజులకు డబ్బులిస్తే ఆమె సగమే తీసుకుంది. హాస్టల్ గుమ్మంలో పెద్ద సిస్టరు నా చేతులు చూసి, "రోగిని తెమ్మంటే గాజులు తెచ్చావా" అన్నారు. అంతా విన్నాక నవ్వలేదు. ఆ సాయంత్రమే చీటీ రాయించి, మందుతో సహా ఒక మనిషికిచ్చి కుప్పం దవాఖానాకు పంపించారు.

అయిదు వారాలు గడిచాయి. శిక్షణ అయిపోయింది. మిగతావాళ్ళు వచ్చిన దారినే నెల్లూరు పోతామంటే, నేను కుప్పం మీదుగా మద్రాసు పోయి వస్తానని అనుమతి తీసుకున్నాను. కొత్త ఊరు చూడాలన్నాను. కారణం అదొక్కటే కాదని పెద్ద సిస్టరుకు తెలుసు.

ఆరుగంటల బస్సు, పుంగనూరు మీదుగా. పలమనేరులో దిగి, ఇడ్లీ తిని, కుప్పం బస్సు ఎక్కాను. పదింటికి కుప్పం. ఆ ఊరు నాకు ఎంత నచ్చిందో. ఒకే వీధిలో మూడు భాషల బోర్డులు. టీకొట్టాయన నాతో తెలుగులో, భార్యతో తమిళంలో, పట్టుగూళ్ళ మూటలు దింపుతున్న మనిషితో కన్నడంలో మాట్లాడాడు. మధ్యలో ఒక్కసారి కూడా తడబడలేదు. టీ అయ్యాక దవాఖానాకు దారి అడిగి వెళ్ళాను. నా రైలు పన్నెండూ నలభైకి.

కాంపౌండరు రెడ్డెప్ప కార్డు తీసి చూపించాడు. ఇరవై తొమ్మిది టిక్కులు. "ఒక్కరోజు తప్పలేదండి. పోయినవారం కళ్ళె పరీక్ష కూడా శుభ్రంగా వచ్చింది. ఇవాళ్టిదే ఆఖరు. తొమ్మిదికల్లా వచ్చేవాడు, ఇంకా రాలేదెందుకో" అన్నాడు.

బెంచీమీద కూర్చున్నాను. పదిన్నర, పదకొండు. ఆఖరి సూదికి రాకపోవడమేమిటని కోపమొచ్చింది. తర్వాత భయమేసింది. పదకొండున్నరకు లేచి పెట్టె చేత్తో పట్టుకున్నాను కూడా. అప్పుడు గుమ్మంలో రెడ్డెప్ప. ఒళ్ళు చేసి, మొహం తేటపడి ఉన్నాడు. ఒక్కడే కాదు, ఇంకొకాయన చెయ్యి పట్టుకుని ఈడ్చుకొస్తున్నట్టు తెస్తున్నాడు.

నన్ను చూసి నిలబడిపోయి, తర్వాత నవ్వాడు. "ఈయన మునెప్ప మ్మా. నాతోపాటే సంత సేస్తాడు. నెల నుంచి దగ్గుతా ఉండాడు, రమ్మంటే రాడు. పొద్దన్నుంచీ ఈయనతోనే నా పంచాయితీ. కడాకు, నాకొచ్చినేదీ ఇదేరా, దినామూ పోయి ఏయించుకునే సూది దీనికేరా అని సెప్తే గానీ కదల్లేదు."

"బజార్లో తెలియకూడదన్నావుగా రెడ్డెప్పా."

"సెప్పకుంటే సస్తాడు మ్మా" అన్నాడు.

మునెప్ప తలొంచుకుని కూర్చున్నాడు, చెయ్యి ఇంకా రెడ్డెప్ప చేతిలోనే ఉంది. కాంపౌండరు సిరంజి నాకందించాడు. ముప్పయ్యో సూది నేనే వేశాను. మాత్రలు ఇంకా ఏడాది మింగాలని పదిసార్లు చెప్పాను. "పదిసార్లు సెప్పే పని ల్యా, ఒకసారి సాలు" అన్నాడు.

స్టేషన్‌కు నా పెట్టె తానే మోసుకొచ్చాడు. బండి పావుగంట ఆలస్యం, బతికాను. ఎక్కి కూర్చున్నాక, కదిలేదాకా ప్లాట్‌ఫారంమీద నిలబడే ఉన్నాడు.

ఎనిమిది వారాల్లో ఏం చూశానని ఎవరైనా అడిగితే, చలిగాలీ, సంగటీ, బుజ్జి ఆవులూ, మూడు భాషల వీధీ చెప్పగలను. మీరూ వెళ్ళండి, దేనికీ నిరాశపడరు. నేను ఆ రైల్లో తలుచుకున్నది మాత్రం అవేవీ కాదు. నర్సునవుతానా లేదా అన్న అనుమానం అంతకుముందు వరకూ నాకుండేది, ఆ రోజు పోయింది.

ఎదురుగా గుడియాత్తం పోతున్న పెద్దావిడ నన్నూ, వెనక్కి పోతున్న ప్లాట్‌ఫారాన్నీ చూసి, "ఎవురు పాపా ఆయన, నీకు సుట్టమా?" అంది.

"మా పేషెంటమ్మా."

"అట్లనా. ఏం జబ్బు?"

అయిదు వారాల కిందటైతే నా నోటినుంచి ఠక్కున వచ్చేసేది.

"అది నేను చెప్పేది కాదమ్మా" అన్నాను. "చెప్పాలనుకుంటే ఆయనే చెప్తాడు."