కట్టె వాళ్లకు, మన్ను వదినకు

మొన్న ఆదివారం మా మనవరాలు వచ్చింది. వచ్చి ఇంట్లోకి అడుగైనా పెట్టకుండా వాకిట్లోనే నిలబడి మా దర్వాజను ఫోన్‌తో ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, ఇత్తడి పువ్వుల దగ్గరికి వంగి ఇంకొకటి. వాళ్లు పటేల్‌గూడలో కొత్తగా ఫ్లాటు కొన్నారు. హాల్లో టీవీకి ఎదురుగా ఉన్న గోడకు ఈ దర్వాజను ఆనించి పెడితే చాలా అందంగా ఉంటుందని దాని ఊహ. తెరిచి మూయడానికి కాదట, చూసుకోవడానికట. తలుపు వెనక గోడే ఉంటుందట. ఇలాంటి పాత టేకు దర్వాజకు పట్నంలో ఇప్పుడు పలికే ధర చెబితే నేను నమ్మలేదు. ఆ డబ్బుతో నేను కాపురానికి వచ్చిన రోజుల్లో పటాన్‌చెరులో ఒక వీధి వీధంతా కొని, మిగిలినదాంతో ఊరందరికీ భోజనాలు పెట్టేవాళ్లు. అంతకు ముందు వారమే ఒక బ్రోకరు వచ్చి రోడ్డు ముఖం ఎంతుందో కాళ్లతో కొలుచుకుని వెళ్లాడు. ఈ ఇల్లు కూలగొడితే ఎన్ని అంతస్తులు లేస్తాయో చేతివేళ్ల మీద చెప్పాడు గానీ, దర్వాజ వైపు కన్నెత్తి చూడలేదు. అతనికి మన్ను కావాలి, మా పిల్లకు కట్టె కావాలి. నాకు నవ్వాగలేదు, ఎందుకంటే ఈ రెండు బేరాలూ ఈ వాకిట్లో ఇదివరకే జరిగాయి.

ఇప్పటి వాళ్లకు ఒక సంగతి విడమరిచి చెప్పాలి. అరవైల మొదట్లో మా వైపు ఇల్లు అంటే కట్టె. ఎవరైనా ఇల్లు అమ్ముతున్నారంటే కొనేవాడు మొదట దూలాలు ఎన్ని, వాసాలు ఎన్ని, దర్వాజలు టేకువా వేపవా అని అడిగేవాడు. ఆ తర్వాత పెంకలు చూసేవాడు. కింద ఉన్న జాగ ఎంత అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఊరు విడిచి వెళ్లేవాళ్లు ఇంటిని విప్పి, దూలాలూ వాసాలూ తలుపులూ బండ్ల మీద వేసుకుని పోయేవారు. మొండిగోడలు రెండు వానాకాలాలు తడిసి, కరిగి, మళ్లీ నేలలో కలిసిపోయేవి. ఆ దిబ్బల మీద మేకలు ఎక్కి ఆడుకుంటుంటే నేను కొత్తకోడలిగా చూసి, ఇదేం ఊరమ్మా, ఇల్లు కూడా ఎడ్లబండెక్కి ఊరికి పోతుందా అని మా ఆయనతో అన్నాను. ఆయనకు అందులో వింతేమిటో అర్థం కాలేదు.

మా అత్తింటివాళ్లది బొంబాయి రోడ్డు మీద, పటాన్‌చెరులో, గూనపెంకల ఇల్లు. ఆ ఇంటి ముందరి దర్వాజ మా మామగారి ప్రాణం. నిర్మల్ అడవి నుంచి తెప్పించిన టేకు, అటూ ఇటూ నిలువెత్తు కమ్మీల మీద ఇత్తడి పువ్వులు, పండుగ ముందు చింతపండుతో తోమితే బంగారంలా మెరిసేవి. మామగారు ఆ ఇంట్లోనే ఉండేవారు. వ్యాపారం మాత్రం బావగారు, అంటే మా ఆయన అన్న, సంగారెడ్డి బజారుకు మార్చేశారు. సర్కారు కచేరీలున్న ఊరు, పెద్ద ఊరు, కిరాణాకూ పప్పుల వ్యాపారానికీ అదే తగిన చోటని ఆయన లెక్క. మా కాపురం అక్కడే, దుకాణం వెనక కిరాయి అర్రల్లో, అంటే గదుల్లో. పటాన్‌చెరులో మామగారిని చూసుకుంటూ మిగిలింది మా వదిన. వదిన అంటే మా ఆయన అక్క, బావగారికి చెల్లెలు. పెళ్లయిన కొద్ది రోజులకే భర్త పోతే పుట్టింటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. నెమ్మదిగా మాట్లాడేది, కానీ ఆమె ఒక మాట అన్నాక దాని మీద ఇంకొకరు మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఆమె అంటే మొదట భయం, తర్వాత ఇష్టం. ఆ ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

మామగారు పోయాక దినాలు కాగానే బావగారు ఇంటి కట్టెను కొలిపించారు. సంగారెడ్డిలో దుకాణం మీద సొంత ఇల్లు కట్టాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది, కట్టె దొరికితే సగం ఇల్లు లేచినట్టే. వదినకు కొత్త ఇంట్లో ఒక అర్ర ఇస్తామన్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, ఊళ్లో ఎవరైనా అదే చేసేవారు. వదిన అంతా విని, కట్టె మీరే తీసుకపోండి, జాగ మాత్రం నా పేరు మీద రాయండి అంది.

“జాగ ఏం జేస్కుంటవ్ చెల్లె? మన్నే గదా,” అన్నారు బావగారు.

“మన్నే గదా అన్నా. మరి ఇచ్చెయ్యి,” అంది వదిన.

ఆయన నవ్వి, అప్పటికప్పుడే కాగితం రాయించి ఇచ్చారు. ఈ ముచ్చట చాలా రోజులు సంగారెడ్డి బజారులో చెప్పుకుని నవ్వుకున్నారు, మా చెల్లె మన్ను అడిగి తీసుకుందని.

ఇల్లు విప్పిన రోజు నేనక్కడే ఉన్నాను. పెంకలు దింపారు, వాసాలు లాగారు, చివరికి దర్వాజకు గునపం వేశారు. గోడలోంచి కమ్మీ ఊడివస్తుంటే సున్నం పెచ్చులు వదిన తల మీద రాలాయి. ఆమె పక్కకు జరగలేదు. బండ్లు కదిలి బొంబాయి రోడ్డెక్కాక, దర్వాజ ఉన్నచోట గోడలో ఇంత పెద్ద బొంద. ఆ బొందకు ఆమె బెల్లం వాసన కొట్టే గోనెసంచులు కుట్టి పరదాలా కట్టింది. పైన తాటికమ్మల కప్పు. లారీలు పోతుంటే గోనె గాలికి లేచి రోడ్డు మీదివాళ్లకు ఇంట్లో పొయ్యి కనబడేది. ఒంటరి ఆడమనిషి, తలుపు లేని ఇల్లు. నాకు ఆ రాత్రి సంగారెడ్డిలో నిద్ర పట్టలేదని చెప్పాలి. కొన్నాళ్లకు రేకు తలుపు ఒకటి సంపాదించింది. అది గాలికి పొద్దంతా తడతడ కొట్టుకునేది. ఆ చప్పుడుకు అలవాటుపడి, గాలి లేని రోజున ఏదో తక్కువైనట్టుందని నవ్వేది వదిన.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. ఆ దగ్గరలో పెద్ద ఫ్యాక్టరీ లేచింది. దాని చుట్టూ చిన్నవి లేచాయి. ఏ దేశాల వాళ్లో దిగారు, తలదాచుకోవడానికి అర్ర కావాలని ఇల్లిల్లూ తిరిగారు. వదిన ముందు గదిలో చిన్న కిరాణా పెట్టింది. వెనక జాగలో, మా అందరికీ తెలిసిన ఒక మేస్త్రీ సాబ్‌తో, కొంచెం డబ్బు చేతికి రాగానే ఒక అర్ర, మళ్లీ వస్తే ఇంకొక అర్ర వేయించింది. మొదట కిరాయికి దిగింది ఉత్తరాది ఫిట్టరు, అతని భార్య. ఆ అమ్మాయికి తెలుగు రాదు, వదినకు హిందీ అంతంతమాత్రం. ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉండేవారు, ఏం అర్థమయ్యేదో వాళ్లకే తెలియాలి. ఈలోగా ఊళ్లో భాష మారిపోయింది. ఎకరాల్లో మాట్లాడేవాళ్లు గజాల్లో మాట్లాడసాగారు. దిబ్బల మీద మేకలను తోలేసి సున్నం గీతలు గీశారు. ‘ప్లాటు’ అనే మాట నేను మొదటిసారి విన్నది బావగారి నోట. పెద్ద ఊరని మేం వెళ్లిన సంగారెడ్డి బజారులో ధర ఉన్నచోటే కూర్చుంది, పల్లె అని వదిలేసిన పటాన్‌చెరులో జాగ ధర మెట్లెక్కి పోయింది.

డెబ్బైల నడుమ ఒక రోజు బావగారు మా ఆయన్ను వెంటబెట్టుకుని వదిన దగ్గరికి బయలుదేరారు. నన్ను కూడా రమ్మన్నారు, ఆడవాళ్లుంటే మాట మెత్తగా సాగుతుందని. పట్నం ఆసామి ఒకడు రోడ్డు మీది జాగకు మంచి ధర పెట్టాడు. అది వస్తే సంగారెడ్డిలో దాల్ మిల్లు పెట్టొచ్చు. వదినకు పిల్లలు లేరు, ఎప్పటికైనా అది మన ఇంటికే రావాలి కదా అని బస్సులో దారంతా చెప్పారు. మా ఆయన తల ఊపుతూ కూర్చున్నారు. ఆ అర్రలు, ఆ దుకాణం, ఆ రేకు తలుపు తప్ప ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ లేవు. అన్నకు ఎదురు చెప్పి ఆమె ఎలా నిలబడుతుంది?

వదిన జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. అన్న తిని చేయి కడుక్కునేదాకా ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఆయన చెప్పింది చివరిదాకా విన్నది.

“ఇస్త అన్నా. నాయిన దర్వాజ తెచ్చి ఎన్కటి లెక్క ఈడ నిలబెట్టు. గప్పుడు జాగ నీదే,” అంది.

బావగారు నవ్వబోయి ఆగిపోయారు. ఆ దర్వాజ అప్పటికి సంగారెడ్డి ఇంటికి ముఖం. దుకాణం తీసేముందు రోజూ ఆయన దాని గడపకు పసుపు కుంకుమ పెట్టేవారు. మా బజారులో వ్యాపారి ముందరి దర్వాజ పీకాడంటే దివాలా తీశాడని అర్థం.

“అది పీకితే బజార్ల ఏమనుకుంటరు చెల్లె?”

“బజార్ల ఏమనుకుంటరో నాకెరుక లేదన్నా. పీకినంక ఇంట్ల ఉన్నోళ్లకు ఎట్లుంటదో, గదైతే నాకెరుకే.”

రేకు తలుపు ఒకసారి కొట్టుకుంది. బావగారు పైపంచె దులుపుకుని లేచారు. తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. మా ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ను చూశాను. వదిన ఆ మాట అంటుందని మాలో ఎవరమూ అనుకోలేదు. నాకైతే లోపల పండుగ చేసుకున్నట్టుంది, పైకి మాత్రం కొంగు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఆ వానాకాలమంతా ఆయన దాల్ మిల్లు మాట ఎత్తలేదు. దుకాణం కట్టేసేటప్పుడు అరచేయి దర్వాజ మీద వేసి కాసేపు అలాగే నిలబడేవారు. నేను చూడనట్టు లోపలికి వెళ్లిపోయేదాన్ని. వానలు వెనకబట్టాక ఒక పొద్దున గునపం చప్పుడు వినబడి పరుగెత్తుకొచ్చాను. బావగారు దగ్గరుండి దర్వాజ ఊడదీయిస్తున్నారు. బజారంతా వాకిట్లోనే ఉంది. పక్క దుకాణం ఆయన ఓదార్చడానికి కూడా వచ్చాడు. జాగ కోసం ఇంతకు తెగిస్తాడా మనిషి అనుకున్నాను. వదిన మాట ఇచ్చింది, ఆమె మాట తప్పదు. దర్వాజ లారీ ఎక్కింది, బావగారు డ్రైవరు పక్కన కూర్చున్నారు. మేమిద్దరం బస్సు పట్టుకుని వెనకాలే వెళ్లాం.

మేం చేరేసరికి లారీ వదిన ఇంటి ముందు ఆగి ఉంది. ఫిట్టరు భార్య, మిగతా కిరాయివాళ్లు అంతా బయటే ఉన్నారు. వదిన రేకు తలుపు పట్టుకుని నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాయిన దర్వాజను లారీ మీద చూస్తోంది, చూడలేక తల దించుకుంటోంది.

“మాట ఇచ్చిన అన్నా. కాయితం తెస్త, ఉండు,” అని లోపలికి తిరిగింది.

“కాయితం నీ తాననే ఉండనీ,” అన్నారు బావగారు లారీ దిగుతూ. “ఏ దిక్కు నిలబెట్టాల్నో చెప్పు. మేస్త్రీ సాబ్‌ను పిలిపించిన, కూసున్నడు.”

వదిన అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. ఇల్లు విప్పిన నాడు ఏడవని మనిషి, మామగారు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బావగారు మాత్రం మేస్త్రీ సాబ్‌తో గొడవ పెట్టుకున్నారు, కమ్మీ ఒక వేలు వంగిందని. చాలాసేపటికి వదిన ముక్కు తుడుచుకుని, రోడ్డు దిక్కే పెట్టమని చెప్పింది. ఆ సాయంత్రం తొలిసారి తలుపు వేస్తే అందరం చప్పుడు కోసం చెవులు రిక్కించాం. టేకు తలుపు, ఏ చప్పుడూ చేయలేదు.

సంగారెడ్డిలో వేపకట్టె దర్వాజ పెట్టించారు బావగారు. కొన్నాళ్లు బజారులో గుసగుసలు నడిచాయి, ధాన్యం బండ్లు కొన్ని పక్క దుకాణానికి మళ్లాయి. ఆయన ఓర్చుకున్నారు. దాల్ మిల్లు పెట్టనేలేదు. కొన్నేళ్లకు ఈ ముచ్చట చెప్పడంలో ఆయనకు మంచి నేర్పు వచ్చింది. ‘మా చెల్లెకు నేనే అడిగి మరీ దర్వాజ ఇచ్చిన’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. వదిన అక్కడే ఉన్నా అవునవునని తల ఊపేది. జాగను నిలబెట్టుకున్నందుకంటే, ఆ తల ఊపడం చూసి నేను ఆమెకు ఎక్కువ దండం పెట్టుకున్నాను.

మా ఆయన పోయాక నన్నూ, నా కొడుకు కుటుంబాన్నీ వదినే ఇక్కడికి పిలిపించుకుంది. తన తర్వాత ఈ ఇల్లు నాకే అని రాసిపెట్టింది. పైన అంతస్తు మేం వేశాం. దర్వాజ మాత్రం ఆమె పెట్టించిన చోటే ఉంది.

ఇదంతా విన్నాక మా మనవరాలు ఫోను సంచిలో పెట్టేసుకుంది. తీసుకుపోవే, కానీ తెరిచి మూసేచోట పెట్టుకో, గోడకు మాత్రం ఆనించకు అన్నాను. ఫ్లాటులో ముందరి తలుపు మార్చడానికి సొసైటీవాళ్లు ఒప్పుకోరట.

“అయితే ఈడనే ఉంటది. తలుపు తియ్యాలనిపిస్తే నువ్వే రా,” అన్నాను.

అది వెళ్లేటప్పుడు తలుపు తానే మూసి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి ఊరికే మళ్లీ తెరిచి మూసింది. మన్ను ధరా, కట్టె ధరా ఎన్నిసార్లు తారుమారయ్యాయో నా కళ్లతో చూశాను, నా తర్వాత ఇంకా ఎన్నిసార్లు మారతాయో ఆ పిల్ల చూస్తుంది. ఇన్నేళ్లూ ఈ తలుపు మాత్రం చప్పుడు చేయకుండా మూసుకుంటూనే ఉంది.