అన్న చెప్పని సినిమా

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి చాయ్ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే రకం. ఆసుపత్రి ల్యాబులో పని నాది. రక్తం చుక్కను గాజు పలక మీద పెట్టి చూడటం, కనిపించింది రాయడం, అంతే. మా చుట్టాల్లో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు రక్తపరీక్ష చేయించండి అని కసురుతాను. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నమ్మి రాస్తున్నానని కాదు. జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో బాబుపేట్. రెండు గదులు, ఒక వంటిల్లు. నేను, మా ఆయన, మా అమ్మాయి సాయలీ. పోయిన ఏడాది మా అన్న పోయాక మా బాపు, అంటే మా నాన్న, కూడా మా దగ్గరికే వచ్చాడు. ఆయనతో పాటు రెండు ఇనుప ట్రంకులు, ఐదారు అట్టపెట్టెలు దిగాయి. బట్టలనుకున్నాం. తెరిస్తే అన్నీ సినిమా సీడీలు, డీవీడీలు. బట్టలు ఒక చేతిసంచిలో ఉన్నాయి.

అన్న సాస్తి బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. బాపు కూడా బొగ్గు పనికే మంచిర్యాల వైపు నుంచి వచ్చినవాడు. గనివాళ్ళ కాలనీలో తెలుగువాళ్ళకు కొదవ లేదు కానీ తెలుగు సినిమా సీడీ మాత్రం అక్కడ దొరికేది కాదు. అందుకని కాలనీలో ఒక పద్ధతి పడిపోయింది. పెళ్ళికో, చావుకో ఎవరు 'అటు', తెలుగు ఊళ్ళ వైపు, పోయినా తిరిగొచ్చేటప్పుడు మా అన్నకు ఒక సీడీ తేవాలి. మిఠాయి తేకపోయినా ఏమీ అనేవాడు కాదు, సీడీ తేకపోతే మాత్రం మొహం ముడుచుకునేవాడు.

తెచ్చేవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు, మరాఠీ బడుల్లో చదివినవాళ్ళు. అట్ట మీద బొమ్మ చూసి తెచ్చేవారు. ఒకరు తెచ్చినదాని మీద హీరో కత్తి పట్టుకుని ఉంటాడు, ఇంకొకరు తెచ్చినదాని మీద అదే హీరో పువ్వు పట్టుకుని ఉంటాడు. లోపల సినిమా ఒకటే. అలా ఒకే సినిమా మా ఇంటికి నాలుగైదుసార్లు వచ్చేది. "అబ్బ, గిదొక్కటే లేకుండె మా దగ్గర!" అని అన్న చేతులు చాపి తీసుకునేవాడు. వాళ్ళు గేటు దాటాక బాపూ, అన్నా పడీపడీ నవ్వేవారు.

తర్వాత షుగరుతో బాపు చూపు పోయింది. వెలుతురుకీ చీకటికీ తేడా తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. సినిమా పిచ్చి మాత్రం ఎక్కడికీ పోలేదు. దాంతో అన్న పక్కన కూర్చుని సినిమా చెప్పడం మొదలుపెట్టాడు. మాటలున్నచోట ఊరుకునేవాడు. మాటలు లేనిచోట బాపు చెవి దగ్గరికి వంగి, "ఆమె కిటికీలకెల్లి తొంగి సూస్తుంది బాపూ. వీడు గోడ దుంకిండు. అయ్యో, లుంగీ మేకుకు పట్టింది!" అని చెప్పేవాడు. ఫైటింగు వస్తే ఇక చూడాలి, బాపు భుజం మీద గుద్దులే గుద్దులు.

డ్యూటీ నుంచి బొగ్గు దుమ్ముతో వచ్చి, స్నానం చేసి, అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మరీ చెప్పేవాడు. పెళ్ళి చేసుకో అన్నా అంటే, "నేను పోయి పెండ్లాంతోని ముచ్చట్లు వెడితే బాపుకు సినిమా ఎవలు జెప్తరు?" అని నవ్వి తప్పించుకునేవాడు. ఆ విషయంలో వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక మనిషి తోడుంటే ఒంటి సంగతి చూసుకునేవాడు కదా అనిపిస్తుంది. ఒకరోజు డ్యూటీ దిగి బండి నిలబెట్టిన చోటే కుప్పకూలిపోయాడు. గుండె. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మా ఇంటికొచ్చాక బాపు రోజూ ఒక సీడీ పెట్టించుకునేవాడు. ఎక్కడ అన్న ఏం చెప్పాడో ఆయనకు కంఠతా వచ్చు. మాటలు ఆగినచోట తనలో తాను నవ్వుకునేవాడు, ఒక్కోసారి భుజం తడుముకునేవాడు. ఇందులో వింతేమీ లేదు. విని విని గుర్తుండిపోయింది, అంతే.

చిక్కు చోటుతో వచ్చింది. సాయలీ దహావీకి, అంటే పదో తరగతికి, వస్తోంది; ఏడాది తిరిగితే బోర్డు పరీక్ష. ట్రంకులు, పెట్టెలు వెనక గదిని మింగేశాయి. పిల్ల వంటింట్లో సిలిండర్ పక్కన చాప వేసుకుని చదివేది. నేను పోపు పెడితే ఆవాలు ఎగిరి దాని లెక్కల పుస్తకం మీద పడేవి. "మమ్మీ, అరే దేవా! అభ్యాస్ జేసుకోనీకి ఈ ఇంట్ల ఒక్క మూల దొరకదా నాకు?" అని ఒకరోజు పుస్తకం విసిరికొట్టింది. తప్పు దానిది కాదు.

మా ఆయన మెత్తటి మనిషి. బాపు ముందు ఎన్నడూ గొంతు పెంచలేదు. ఆయనే నెమ్మదిగా కదిపాడు. "మామా, అన్నీ వద్దు. కొన్ని తీసేద్దాం. పోరి కుర్సీ ఏసుకునేంత చోటైతే సాలు."

 బాపు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు నన్ను పిలిచి, ట్రంకు మీద చెయ్యి వేసి కూర్చుని, "గివి పోతే వాని మాట పోతది బిడ్డా. వాని మొకం నాకు యాదికొస్తలేదు. మాటొక్కటే ఉన్నది" అన్నాడు.

వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఇటు పిల్ల చదువు, అటు ఈయన. ఎవరిని కాదనను?

చివరికి ఒకటికి రెండున్నవి మాత్రం తీసేద్దామని ఒప్పించాం. ఎండాకాలం ఆదివారాల్లో కూర్చుని ఒక్కొక్కటే తీసేవాళ్ళం. నేను పేరు చదివేదాన్ని. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది బాపే, అదీ ఈ అట్టల మీదే. పేరు వినగానే ఆయన కథంతా అందుకునేవాడు. పని నత్తనడక నడిచింది కానీ, నిజం చెప్పాలంటే ఆ ఆదివారాలు నాకు ఎంతో బాగున్నాయి. అన్న పోయాక బాపు అంత మాట్లాడటం అప్పుడే.

అప్పుడే ఒక సంగతి బయటపడింది. ఒక సినిమా పేరు చదివి, ఇందులో చివరికి హీరో చచ్చిపోతాడు కదా అన్నాను. బాపు కస్సుమన్నాడు. "సచ్చుడేంది? లేసి కూసున్నడు గదా! బిడ్డనెత్తుకున్నడు." ఇంకో సినిమాలో చెల్లెలు బావిలో పడి పోతుంది. బాపు లెక్కలో ఆ పిల్ల బతికింది, పెళ్ళి కూడా అయింది. ఏ సినిమా తీసినా ఇదే వరస. బాపు సినిమాల్లో ఎవ్వరూ చావరు.

ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. "మరి అందరూ గట్ల ఏడుస్తుంటరు కదా బాపూ?" అని అడిగాను.

"సంతోషంతోని ఏడుస్తున్నరని జెప్పిండు మీ అన్న" అన్నాడు, అంత కూడా తెలియదా అన్నట్టు.

సాయలీ నోరు మూసుకుని నవ్వాపుకుంది. నేనూ నవ్వాను. కళ్ళు పోయిన తండ్రి ముందు ఒక్క మనిషిని కూడా చావనివ్వలేదు మా దొంగ. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళ నీళ్ళు తిరిగాయి. నేను కూడా బాపుకు అసలు కథలు చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఒక కొత్త డీవీడీ చేతికొచ్చింది. దాని ప్లాస్టిక్ కాగితం కూడా ఎవరూ విప్పలేదు. అన్న పోవడానికి కొద్దిరోజుల ముందు ఆసిఫాబాద్‌లో ఒక పెళ్ళికి పోయి కొనుక్కొచ్చాడు. సెలవు రోజున కలిసి చూద్దామని బాపుకు చెప్పి దాచాడు. ఆ సెలవు రాలేదు.

నాకేదో గొప్ప తెలివి వచ్చిందనుకుని, "బాపూ, ఇది అన్న నీకు చెప్పనే లేదు. దీంట్ల అన్న మాట లేదు. ఇది ఇచ్చేద్దామా?" అన్నాను.

బాపు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తడిమాడు. "సూసి ఇద్దాం. సూద్దామన్నడు గదా వాడు."

సాయలీ పంటితో ప్లాస్టిక్ చింపింది. అది నేను కళ్ళారా చూశాను. మిట్టమధ్యాహ్నం. బయట చంద్రపూర్ ఎండ, రోడ్డు మీద కుక్క కూడా లేదు. మాటలు వినపడవని బాపు కూలర్ బంద్ చేయించాడు. చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాం. నేను ఆయన ఎడమ పక్కన కూర్చోబోతే, "అటు కాదు, ఇటు రా" అని కుడివైపు కూర్చోబెట్టుకున్నాడు. అన్న ఎప్పుడూ ఎడమవైపు కూర్చునేవాడు. పోనీ నేను చెప్తానంటే, "నీకు రాదు, సప్పుడు జేయకు" అన్నాడు.

సినిమా పేరు రాయను, చూడబోయేవాళ్ళకు చివర తెలిసిపోతుంది. హీరో బస్సు కండక్టర్. మొదట్లో అన్నీ మాటలే. కాసేపటికి అతను ఇంటికొస్తాడు, తల్లి నిద్రపోతూ ఉంటుంది. మాటలు లేవు, వేణువు మోగుతోంది. పెరట్లో తీగ మీద ఆరేసిన చీర కొంగును ఒక మేక తాపీగా నములుతోంది. అది అరవలేదు. మేం ముగ్గురం నోరు విప్పలేదు.

బాపు కిసుక్కున నవ్వి, "మేక చీర నములుతుందట" అన్నాడు.

సాయలీ నన్ను చూసింది, నేను మా ఆయన్ని చూశాను. ఏదో చప్పుడు వినపడి ఉంటుందని ఆయన సైగ చేశాడు. నేను రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని విన్నాను. వేణువు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత నేను సినిమా చూడలేదు, బాపునే చూశాను. పెళ్ళి ఘట్టం వచ్చింది. సన్నాయి మోగుతుంటే పెళ్ళికూతురి తండ్రి హడావుడిగా పరుగెత్తుతుంటాడు. ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి తెల్ల చెప్పు. ఎవరూ ఆ మాట అనరు. బాపు ఎడమవైపు తల వంచి, "ఒక్క కాలికి నల్లదట, ఒక్క కాలికి తెల్లదట. పాపం, పెండ్లి తండ్లాట" అన్నాడు.

సాయలీ ఉండబట్టలేక, "తాతా, నీకెట్ల కనవడ్డది?" అంది.

"నాకేడ కనవడ్తది బిడ్డా? జెప్తుండు గదా" అన్నాడు మామూలుగా.

చెప్తున్నది ఎవరని ఎవ్వరం అడగలేదు.  భయం మాత్రం వేయలేదు, ఒట్టు. మా అన్నంటే నాకు భయమేంటి? ఆ ఎడమవైపు చోటు చూస్తూ, ఒక్కసారి నాకూ వినపడితే ఎంత బాగుండు అనుకున్నాను. వినపడలేదు.

చివర్లో ఆసుపత్రి. తల్లి మంచం మీద ఉంటుంది. పాట నడుస్తోంది, మాటలు లేవు. డాక్టరు తల అడ్డంగా ఊపుతాడు. నర్సు దుప్పటిని ఆమె మొహం మీదికి లాగుతుంది.  ఇంతసేపూ బాపు చెవిలో తెర మీద ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు, ఇది కూడా చెప్తే? కొడుకును పోగొట్టుకున్న బాపు ఈ చావును ఎలా తట్టుకుంటాడు? రిమోట్ కోసం చెయ్యి చాపాను.

బాపు ఎడమవైపు వంగి విన్నాడు. ఆయన మొహం విచ్చుకుంది. "కండ్లు తెరిసిందట. కొడుకును పేరు వెట్టి పిలిసిందట" అన్నాడు.

తెర మీద కొడుకు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. బాపు తృప్తిగా తల ఊపి నా వైపు తిరిగాడు. "గట్లనే గదా బిడ్డా?"

"అవును బాపూ, తెరిసింది" అన్నాను. 

కూలర్ వేశాక ఆయన, "ఇగ ఇచ్చేయి బిడ్డా. అన్నీ ఇచ్చేయి. వాడు గీ డబ్బాల్ల లేడు" అన్నాడు. ఒక్కటైనా ఉంచుకో అంటే వద్దన్నాడు. సాస్తి కాలనీలో ప్లేయర్లు ఉన్న ఇళ్ళకు అన్నీ పంచేశాం. వెనక గదిలో సాయలీ బల్ల, కుర్చీ పడ్డాయి. బాపు ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

అన్న ఆ సినిమా ముందే ఎక్కడో చూసి బాపుకు చెప్పి ఉంటాడని మా ఆయన అంటాడు. బాపు లేదంటాడు. బాపు చూపు ఏమైనా తిరిగొచ్చిందేమోనని కళ్ళ డాక్టరుకు చూపించాను. ఏమీ లేదన్నాడు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

బాపుకు ఎలాగో తెర కనిపించిందనే అనుకుందాం. మేక కనిపించింది, చెప్పులు కనిపించాయి. మరి ఆ దుప్పటి కూడా కనిపించాలి కదా? కనిపించలేదు. ఆ ఒక్కటీ ఎవరో ఆయనకు తెలియకుండా దాచారు. దాచింది ఎవరో నాకు తెలుసు. ఎలా దాచాడో తెలియదు.