అట్ట వెనక రాక్షసుడు

మా అత్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం భోజనాల బల్ల మీద మంత్రాలూ మహిమలూ ఉండే పాచికల ఆట నడుపుతుంది. మేం వీరులం, రాక్షసులందరూ ఆమె. వాళ్ల బలాలు రాసుకున్న కాగితం మాకు కనపడకుండా అట్ట అడ్డుపెట్టుకుంటుంది.

ఆ రోజు బాబాయి, తన మంత్రపు ఉంగరానికి రక్షణ రెండు, కవచ మంత్రానికి నాలుగు, వెరసి ఆరు అన్నాడు.

"కుదరదురా. ఒకే రకం రక్షణలు కలవవు, పెద్దదే లెక్క. గొడుగు మీద గొడుగు పట్టుకుంటే వాన తగ్గుతుందా?" అంది అత్త. బాబాయి మొహం మాడ్చుకున్నాడు.

తరవాత, నా పాచికల కంటే రాక్షసుడి రక్షణే ఎక్కువ కాబట్టి నా కత్తి దెబ్బ వాడికి తగల్లేదంది. అంతలోనే కాగితం మళ్లీ చూసుకుని నాలిక్కరుచుకుంది.

"ఆగండాగండి. వీడి తాయెత్తునీ మంత్రాన్నీ నేనూ కలిపేశాను. దెబ్బ తగిలింది. చచ్చాడు."

మూడు నెలలుగా ముద్దుగా పెంచుకున్న రాక్షసుడు! ఎవరు చూడొచ్చారు? నేనైతే కిక్కురుమనేదాన్ని కాదు.

బాబాయి ఉండబట్టలేక అడిగేశాడు. "నువ్వు చెప్పకపోతే మాకేం తెలిసేదక్కా?"

అత్త పాచికలు డబ్బాలో వేస్తూ అంది. "లిఫ్టెక్కేవాళ్లకి తాడు కనపడుతుందేంట్రా?"