గేటుకు అడ్డంగా కూర్చున్న పిల్ల

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, దుమ్ముగూడెం వైపు గోదావరికి దగ్గర్లోని ఒక హాస్టల్ బడిలో ఏడో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. తుఫాన్ల పాఠం నాకు కంఠతా వచ్చు. బకెట్లో నీళ్లు కర్రతో గిరగిరా తిప్పి, మధ్యలో పడిన గుంటను తుఫాను కన్నుగా చూపించాను. తీరం దాటాక తుఫాను బలహీనపడుతుందని బోర్డు మీద రాశాను. సముద్రం మనకు చాలా దూరం, మనకేం భయం లేదని నా సొంత తెలివి కూడా జోడించాను.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. వాళ్ల గూడెం వాగు అవతల. వాన వెలిసి ఎండ కాశాకే వాళ్ల అవ్వ బియ్యం అటక మీదికి ఎక్కిస్తుందట. ఎగువ అడవుల్లో పడ్డ నీళ్లు రెండు మూడు రోజులకు గోదావరిలోకి దిగుతాయట, అప్పుడు వాగు వెనక్కి పొంగుతుందట. పరీక్షలో ఇది రాస్తే సున్నా వేస్తారని కూర్చోబెట్టాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

ఆ ఆగస్టులోనే వాయుగుండం పట్టింది. మూడు రోజుల ముసురు తర్వాత ఎండ కాసింది. వాయుగుండం బలహీనపడిందని రేడియో చెప్పింది. భద్రాచలం బస్సు అందుకోవాలన్న తొందరలో మా హెడ్‌మాస్టర్ పిల్లలందరికీ సెలవిచ్చేశాడు. వాగు అవతలి పిల్లలు సంచులతో బయల్దేరారు. ఆ పిల్ల వెళ్లి గేటుకు అడ్డంగా కూర్చుంది.

"ఎండ జూసి పంపకుండ్రి టీచర్. చిన్న పిల్లలు వాగుల కొట్టుకపోతరు," అంది.

హెడ్‌మాస్టర్ రెక్క పట్టి గుంజాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆమె ఊచలు వదల్లేదు. ఆయన తిట్టాడు, ఆమె ఏడ్చింది, ఈలోగా బస్సు వెళ్లిపోయింది, పిల్లలు లోపలే ఉండిపోయారు. మధ్యాహ్నం ఆ దారిన వచ్చిన పాలాయన, పొద్దున మోకాళ్ల లోతున్న వాగు ఇప్పుడు మనిషి మునిగే లోతయిందని చెప్పాడు.

వారం తర్వాత, వరద ముప్పును ముందే కనిపెట్టి తానే పిల్లలను ఆపినట్టు హెడ్‌మాస్టర్ పై అధికారులకు రిపోర్టు రాసుకున్నాడు. అందులో ఆ పిల్ల ఊసే లేదు. ఆయన మీద కోపం నాకిప్పటికీ చల్లారలేదు. నన్ను తన గదికి పిలిచి, సాక్షిగా సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోశాడు. ఆ పిల్ల అదే గది ఊడుస్తూ మా వైపే చూస్తోంది. చూస్తోందని తెలిసే సంతకం పెట్టాను.