వైశాఖ బహుళంలో నల్ల ఈగలు

దోమకి కాస్త మర్యాద ఉంటుంది. చెవి దగ్గర పాట పాడి, వస్తున్నానని చెప్పి మరీ వస్తుంది. నల్ల ఈగకి అదీ లేదు. నువ్వుగింజంత ఉంటుంది, వీపు గూనిగా ఉంటుంది, చప్పుడు చేయదు. కుట్టినప్పుడు నొప్పి కూడా తెలియదు. చెవి వెనక ఏదో తడిగా తగిలితే చెమట అనుకుని తుడుచుకుంటాం, వేళ్ళకి రక్తం అంటుకుంటుంది. దురద, వాపు ఆ తర్వాత తీరిగ్గా మొదలై ఓ పట్టాన వదలవు. జుట్టు మొదళ్ళు, మెడ, ప్యాంటు నడుము పట్టీ, సాక్సు అంచు, ఇలా బట్ట బిగుతుగా ఉన్న చోటల్లా వెతుక్కుంటూ పాకిపోతాయి. ఇవి శుభ్రంగా పారే నీళ్ళలోనే పుడతాయట. అందుకే నల్ల ఈగలున్న నది మంచి నది అని మిషిగన్‌లో కొందరు గర్వంగా చెప్పుకుంటారు. అంత గర్వపడేవాళ్ళు కూడా మే నెలలో ఆ నది ఛాయలకి రారు.

మేం వెళ్తాం. నేనూ మా అమ్మాయీ, ఏటా సరిగ్గా ఆ నెలలోనే, కారు మీద కనూ, అదే తెడ్లతో నడిపే సన్నటి పడవ, కట్టుకుని, పెద్ద బ్రిడ్జి దాటి ఉత్తరాన ఉన్న అడవుల్లోకి వెళ్తాం. మా ఆయన పోయింది వైశాఖ బహుళంలో. తిథి ఒక ఏడు కాస్త ముందుకీ, ఒక ఏడు కాస్త వెనక్కీ జరుగుతుంది గానీ, ఈగల కాలం దాటి పక్కకి పోయిన పాపాన పోలేదు. పంచాంగం రాసినవాళ్ళకి ఈ అడవి సంగతి ఏం తెలుసు?

మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. ఆయన కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో తోటి ఉద్యోగి ఎవరో ఒక శరదృతువులో కనూ ట్రిప్‌కి తీసుకెళ్ళాడు. ఇక అంతే, మనిషికి పిచ్చి పట్టింది. ఎవరో వాడి వదిలేసిన ఆకుపచ్చ కనూ ఒకటి కొనుక్కొచ్చి గరాజ్ కప్పుకి వేలాడదీశారు. అప్పటినుంచీ మా కారు వాననీ మంచునీ భరిస్తూ బయటే ఉండేది. ఏటా సెప్టెంబర్‌లో, ఈగలూ దోమలూ సద్దుమణిగాక ముగ్గురం వెళ్ళేవాళ్ళం. మే నెలలో వెళ్దామా అని అమ్మాయి చిన్నప్పుడు అడిగితే, ఆ నెలలో అడవి ఈగలది, మనది కాదు అనేవారు.

నది వెడల్పై చెరువులో కలిసే చోట, అవతలి ఒడ్డున పైన్ చెట్ల కింద ఒక పెద్ద బండ ఉంది. దాని మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఆయన్ని ఎంత పిలిచినా పలికేవారు కాదు. జబ్బు ముదిరాక, తన అస్థికలు అక్కడే కలపమన్నారు. అలాగే కలిపాం. గోదావరిలో కలపనందుకు ఇండియా నుంచి బంధువులు ఫోన్లు చేసి చీవాట్లు పెట్టారు. ఆ మనిషి గోదావరిని చూసింది రైలు కిటికీలోంచి, అదీ నిద్రమత్తులో అని చెప్పాను. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి.

ఇల్లు అమ్మేసి అపార్ట్‌మెంట్‌కి మారాను. చొక్కాలు ఇచ్చేశాను, కుర్చీ ఇచ్చేశాను. కొత్త గోడల్లో ఆయన ఎక్కడా లేరు. ఫోటో ఉంది గానీ అది ఏదో పెళ్ళిలో తీసింది, అందులో ఆయన ఆయనలా ఉండరు. మొదటి ఏడు తిథికి ఆ బండ మీద కూర్చున్నప్పుడు మాత్రం పక్కనే ఉన్నారనిపించింది. దగ్గు, మోకాళ్ళు చేత్తో రుద్దుకునే అలవాటు, టీ ఊదుకునే చప్పుడు అన్నీ వచ్చేశాయి. ఆ పూట కోసమే మిగతా సంవత్సరమంతా గడిపేదాన్ని. అది కూడా పోతే ఆయన నాకు ఇంకెక్కడా దొరకరు. గుళ్ళో పంతులుగారితో జరిపించుకుంటే చాలదా అని స్నేహితులన్నారు. అది వేరు, ఇది వేరు అని ఎంత చెప్పినా వాళ్ళకి ఎక్కలేదు.

ఒక్కదాన్నే వెళ్ళలేను. ఆ కనూకి ఇద్దరు కావాలి, ముందొకరు, వెనకొకరు. అమ్మాయి దూరాన, దక్షిణాదిలో క్యారీ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంది. ఏటా సెలవు పెట్టి, విమానమెక్కి వస్తుంది. సెప్టెంబర్‌లో పెట్టుకుందామా అని ఒకసారి నెమ్మదిగా అడిగింది. తిథి సెప్టెంబర్‌లో ఎలా వస్తుందే అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఈ ఏడు తను మామూలు కంటే ఎక్కువ జాగ్రత్తలు తీసుకుంది. ముదురు రంగులకి ఈగలు ఎగబడతాయని ఇద్దరికీ గంజిరంగు బట్టలు తెచ్చింది. వాటికి మందు కొట్టి ముందే ఆరబెట్టింది. ప్యాంటు సాక్సుల్లోకి దోపి చుట్టూ టేపు వేసింది. మొహానికి నెట్ ఉన్న టోపీలు తెచ్చింది. అవన్నీ తగిలించుకుంటే ఇద్దరం తేనెతుట్టె కొట్టడానికి బయల్దేరినవాళ్ళలా తయారయ్యాం. దారిలో పెట్రోలు బంకులో కౌంటర్ దగ్గరున్నావిడ చేపల కోసమా అని అడిగింది. కాదు అన్నాం. మరి దేనికి అన్నట్టు చూసింది. ఆవిడకి తద్దినం అంటే ఏమని చెప్పను?

నది మీద తెడ్డు వేస్తున్నంతసేపూ రెండు చేతులకీ పనే. నెట్ లోపలికి ఒక్క ఈగ దూరిందంటే తెడ్డు ఆపి తరమాలి. ఆపితే కనూ పక్కకి తిరిగిపోతుంది. కుడితే కుట్టనీ అని వదిలేసి ముందుకి పోవడమే. చెరువు మధ్యకి వచ్చాక గాలి తగిలి, ఒక్కసారిగా ఈగలు మాయమయ్యాయి. నెట్ ఎత్తి నీళ్ళు తాగాం. ఇక్కడే ఉండిపోదాం అంది అమ్మాయి, నవ్వుతూ. బండ దగ్గర దిగేసరికి మా కోసమే కాచుకున్నట్టు పొగలా లేచాయి.

మర్నాడే తిథి. మా అత్తగారింట్లో తద్దినం వంట అంటే మడితోనే చేయాలి. ఆ ఇంటికి వచ్చాక ఇన్నేళ్ళలో నేను ఎన్నిటికో సర్దుకున్నాను. గారెల పిండి ఇంట్లోనే రుబ్బి ఐస్ పెట్టెలో తేవడం ఏ మడి కిందికి వస్తుందో మా అత్తగారే చెప్పాలి. కానీ ఒక్క విషయంలో సర్దుకోలేకపోయాను. తలమీంచి స్నానం చేశాక ఒంటికి ఆ విషపు ఈగల మందు మళ్ళీ పూసుకుని, ఆ చేతులతో ఆయనకి అన్నం వండలేను. మొహానికి వల వేసుకుని దణ్ణం పెట్టుకోలేను. ఎవరో పెట్టిన నియమం కాదది, నా మనసు ఒప్పుకోదంతే. అలా ఏటా ఆ ఒక్క పూట, ఒంటికి ఏ రక్షణా లేకుండా, తడి జుట్టుతో, ఈగల మధ్య స్టవ్ ముందు కూర్చుంటాను. నాలాంటి తెలివితక్కువ మనిషి కోసం అవి ఏడాదంతా ఎదురుచూస్తాయేమో.

నీళ్ళు మంచులా ఉన్నాయి. మునిగి లేచి తల తుడుచుకునేలోపే నుదుటి మీద రక్తం. అమ్మాయి నెట్ వేసుకోమని బతిమాలింది. వేసుకోనన్నాను. అన్నం వార్చాను, ముద్దపప్పు చేశాను. గారె తడుతుంటే తడి పిండి మీద ఈగలు వాలి అతుక్కుపోయాయి. గోటితో ఒకటి తీస్తే ఇంకొన్ని. నూనెలో పడినవి చిటచిటమన్నాయి. కళ్ళలో పడుతున్నాయి, ఊపిరి తీస్తే నోట్లోకి పోతున్నాయి. కాసేపటికి అమ్మాయి వచ్చి నా వెనక నిలబడి తువ్వాలుతో విసరడం మొదలుపెట్టింది. చూస్తే తను కూడా నెట్ తీసేసింది. ఎందుకు తీశావే అంటే, నువ్వు తీశావు కదా అంది.

విస్తరి వేసి, నల్ల నువ్వులు కలిపిన అన్నం ముద్ద బండ మీద పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. చెవిలో ఒకటి దూరింది. ఆయన మొహం తలుచుకుందామంటే నా చెవిలో ఈగ తప్ప ఇంకేమీ మనసులోకి రాలేదు. కళ్ళు తెరిచి ముద్ద వైపు చూశాను. ఈగలు దాని మీద వాలి అన్నానికి అంటుకుని ఉన్నాయి. ఏది నువ్వుగింజో ఏది ఈగో నాకు తెలియలేదు. వంగి దగ్గరగా చూశాను, అయినా తెలియలేదు. నోటికొచ్చిన తిట్లు తిట్టాను. ఆయనకి పెట్టిన అన్నం ముందు కూర్చుని, ఎప్పుడూ అనని మాటలు అన్నాను. అమ్మాయి విసురుతూనే ఉంది. దణ్ణమైనా సరిగ్గా పెట్టకుండా, గిన్నెలు అక్కడే వదిలేసి, ఇద్దరం టెంట్‌లోకి పరిగెత్తాం.

టెంట్ లోపలికి వచ్చిన నల్ల ఈగ కుట్టదు. అదేమిటో, లోపల పడగానే దానికి మన మీద ధ్యాస పోతుంది, కప్పు మీదికి పాకి బయటికి దారి వెతుక్కుంటుంది. అవి అలా పైన గుంపుగా తిరుగుతుంటే కింద కూర్చుని చల్లారిన అన్నం తిన్నాం. మధ్యాహ్నానికి అమ్మాయి కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెవి వెనక నుంచి మెడ దాకా గడ్డలు. నేను గుడ్డ తడిపి దాని కన్ను మీద వేశాను. ముట్టుకుంటే వేడిగా ఉంది. చిన్నప్పుడు జ్వరం వస్తే కూడా అది ఇంత మాట్లాడకుండా పడుకోలేదు.

గుడ్డ తీయకుండానే మాట్లాడింది.

"అమ్మా, ఒకటి చెప్తాను. నువ్వు కోపం అవ్వద్దు."

చెప్పమన్నాను.

"ఇక్కడికి వస్తే నాకు నాన్న గుర్తు రావట్లేదు. ఐ ట్రై, అమ్మా. ముందు సెప్టెంబర్‌లోవి అన్నీ ఉండేవి నా దగ్గర, నాన్న ఫైర్ పెట్టేది, నాకు మార్ష్‌మెల్లో కాల్చి ఇచ్చేది. ఇప్పుడు ఈ ప్లేస్ థింక్ చేస్తే ఈగలే వస్తున్నాయి. అక్కడ, నా ఇంట్లో కూడా, నాన్న అని అనుకుంటే ఫస్ట్ అవే వస్తున్నాయి."

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. తిథి ఎందుకు తప్పకూడదో, ఆ ఒక్క రోజు మనం చేయకపోతే ఆయనకి ఇంకెవరు చేస్తారో, కాస్త బాధ పడితే ఏం పోయిందో, ఇవన్నీ దానికి ఎన్నోసార్లు చెప్పినవే. ఆ బండ మీద టీ ఊదుకునే మనిషి కోసం లోపల ఒకసారి వెతికాను. ఎంత వెతికినా మోకాళ్ళు రుద్దుకునే చేయి కూడా దొరకలేదు. అన్నం ముద్ద మీద ఆ నల్లని చుక్కలు కనిపించాయి, అంతే. మొదటి ఏడు పక్కన కూర్చున్నట్టే ఉన్న మనిషిని, ఏటేటా వచ్చి నేనే కాస్త కాస్తగా ఈ ఈగలకి పెట్టేశాను.

"నాకూ అంతేనమ్మా," అన్నాను.

అది తిరిగి నా వైపు ఒక్క కన్నుతో చూసింది. నేను కోప్పడతాననుకుంది కాబోలు. కోపం వచ్చినా బాగుండేది. ఇద్దరం ఏడవలేదు కూడా. మళ్ళీ ఏడు వద్దామా అని తను అడగలేదు, నేనూ అడగలేదు. రాకపోతే ఆయనకి తిథి ఉండదు, వస్తే నాకు ఆయన ఉండరు. గుడ్డ వేడెక్కిందని తీసి, సీసాలో నీళ్ళతో మళ్ళీ తడిపి వేశాను. బయట గిన్నెలు కడగాలి. ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.