తేలిన చేపలు, తేలని కారణం

డెల్టా అంతటికీ నీళ్ళు పంచే ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, గాజు తొట్టెడు నీళ్ళలో చేపల్ని బతికించుకోలేకపోయిన తెలివితక్కువవాణ్ణి నేను. ధవళేశ్వరంలో కూర్చుని కాలవలకి నీళ్ళు వదిలించే మనిషికి ఇంట్లో చేప దక్కడం లేదంటే ఎవరూ నమ్మేవారు కాదు. మా ఆవిడ మాత్రం వెంటనే నమ్మింది.

ఈ ఉప్పునీళ్ళ అక్వేరియం పిచ్చి నాకు మద్రాసులో ఒక షాపు అద్దం ముందు పట్టుకుంది. గోదావరి పక్కన రాజమండ్రిలో కాపురముంటూ సముద్రాన్ని హాల్లోకి తెచ్చుకోవడమేంటని అడిగినవాళ్ళని తీసుకెళ్ళి తొట్టి ముందు కూర్చోబెట్టేవాణ్ణి. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులున్న మా బావమరిది పాల క్యాన్లలో సముద్రపు నీళ్ళు పట్టించి జీపులో తెచ్చిపెట్టేవాడు. మొదట తెచ్చిన నీలం చేప హాయిగా బతికింది. ఆ ధైర్యంతో, పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడల్లా కవరులో ఇంకో చేపని పట్టుకొచ్చేవాణ్ణి.

పొద్దున్న తొట్టిలో దిగిన చేప, సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వెల్లకిలా తేలేది. చేప తేలేది గానీ కారణం తేలేది కాదు.

నా అనుమానమంతా నీలం చేపమీదే.

"దాని మొహం చూడు, ఏమీ ఎరగనట్టు ఎలా తిరుగుతోందో" అన్నాను మా ఆవిడతో.

"మీ మొహమూ అలాగే ఉందండి" అంది.

బావమరిది రొయ్యల మందుల పేర్లన్నీ ఏకరువు పెట్టాడు. ఏదీ పనిచేయకపోయేసరికి, "బావగారూ, మీ దగ్గరేదో టెక్నిక్కుందండి. అదేంటో మాకూ చెబితే చెరువు గట్టుమీద పందికొక్కులకి వాడుకుంటాం" అన్నాడు. నీళ్ళు మార్చాను, ఇసుక మార్చాను, గాలి పంపు మార్చాను. ఆఖరికి తొట్టిని ఈశాన్యానికి జరిపి వాస్తు కూడా మార్చాను. చేపల జాతకం మారలేదు.

చివరికి మా ఆవిడ తేల్చి చెప్పేసింది. "ఇదే ఆఖరండి. ఈసారి తెచ్చింది కూడా పోయిందంటే తొట్టి తీయించేసి అక్కడ నా కుట్టుమిషను పెట్టుకుంటాను. అదైతే చావదు."

మా అత్తగారి గురించి ఇక్కడ చెప్పాలి. నీలం చేప వచ్చిన కొన్నాళ్ళకి, మావగారు పోయాక, ఆవిడ మా ఇంటికి వచ్చేశారు. పాతకాలం మనిషి. అల్లుడి ఎదుట పడరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. వంటింటి తలుపు చాటునుంచి "అల్లుడుగారికి మజ్జిగ కావాలేమో అడగవే" అనేవారు. నేను "చాలని చెప్పు" అనేవాణ్ణి. "ఇద్దరికీ వినబడిందిగా, మధ్యలో నేనెందుకు?" అని మా ఆవిడ విసుక్కునేది. ఒకే ఇంట్లో ఉంటున్నా నాకు తెలిసింది ఆవిడ గొంతూ, బంగారు గాజుల చప్పుడూ మాత్రమే.

మా ఇంట్లో రైలు దిగొచ్చినవాళ్ళు స్నానం చేస్తేగాని ఏదీ ముట్టుకోకూడదు. అందుకని గుమ్మంలోనే కవరు మా ఆవిడకిచ్చి, "అరగంట తొట్టిలో తేలేసి, ఆ తర్వాత చేపని వదులు" అని షాపువాడి మాటగా చెప్పి స్నానానికి పోయేవాణ్ణి. దేవుడికి దణ్ణం పెట్టుకుని, టిఫిను చేసి వచ్చేసరికి చేప తొట్టిలో ఉండేది. అంతా సవ్యంగానే జరిగిందనుకునేవాణ్ణి.

ఆ ఆఖరి చేప నారింజరంగు మీద తెల్లచారలది. దాన్ని తెచ్చిన పొద్దున్న, ఒళ్ళంతా సబ్బు రాసుకున్నాక కుళాయి ఆగిపోయింది. నీళ్ళ ఆఫీసువాడికే నీళ్ళు బంద్. నూతినీళ్ళు తోడుకుందామని తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి వచ్చాను. నూతి గట్టుమీద అత్తగారు. పక్కన బకెట్టు, కళ్ళుప్పు, పసుపు. చేతిలో నా చేప. చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు దాన్ని మెల్లగా రుద్దుతున్నారు. తెల్లచారలు అప్పటికే పసుపెక్కుతున్నాయి.

ఆవిడా నన్ను చూశారు, తువ్వాలుతో, సబ్బు నురగతో. గబుక్కున కొంగు తలమీదికి లాక్కుని, వంటింట్లోకి పరుగెత్తి తలుపు మూసుకున్నారు. చేప ఇంకా ఆవిడ గుప్పెట్లోనే ఉంది.

నా అరుపులకి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"చేపని తొట్టిలో వేయమను మీ అమ్మని!"

తలుపు వెనకనుంచి గొంతు వచ్చింది. "చేపన్నాక ఉప్పూ పసుపూ వేసి కడగొద్దుటే? ఆ నీచుతో హాల్లో పెట్టుకుంటారా అని అడుగు."

"అది కూరకి కాదని చెప్పు!"

"కూరకి కాదని నాకూ తెలుసని చెప్పవే. అందుకేగా పొలుసు గీకలేదు."

"చచ్చిపోతుంది, ముందు వేయమను!"

"అల్లుడుగారు అలా నించుంటే తలుపెలా తీయనే?"

నేను స్నానాలగదిలోకి దూకాను. తలుపు కిర్రుమంది, గాజులు హాలుదాకా గలగలమన్నాయి, బుడుంగుమని చప్పుడైంది.

"ఇన్నాళ్ళూ ఇలా కడుగుతున్నారని నీకు తెలుసా?" అన్నాను మా ఆవిడతో.

"తెలుసు. చేపని కడిగారని కూడా మీకు చెప్పాలాండీ?" అంది.

సెలవు పెట్టి తొట్టి ముందే కూర్చున్నాను. మధ్యాహ్నందాకా ఓ మూల ఒరిగి ఉన్న చేప, సాయంత్రానికి నిటారుగా ఈదింది. మర్నాడు మేతకొచ్చింది. కుట్టుమిషను పడగ్గదిలోనే ఉండిపోయింది. నీలం చేపకి నాలుగు గింజలు ఎక్కువ వేసి క్షమాపణ చెప్పుకున్నాను.

అత్తగారు మాత్రం తగ్గలేదు. అల్లుడుగారు అడ్డుపడి సగం కడిగిన చేపని తొట్టిలో వేయించారనీ, ఇల్లంతా నీచు కొడుతోందనీ పక్కింటివాళ్ళకి గోడమీంచి చెప్పారు. అది నాకు గుచ్చుకుంది.

ఆ ఆదివారం బావమరిది నీళ్ళ క్యాన్లతో వచ్చాడు. కొడుకు వచ్చాడని ఆవిడ పండుగప్ప చేపల పులుసు పెట్టారు. భోజనాల దగ్గర తలుపు వెనకనుంచి, "ఉప్పు సరిపోయిందేమో అల్లుడుగార్ని అడగవే" అన్నారు.

నేను లేచాను. తొట్టి నీళ్ళలో ఉప్పెంతుందో చూసే గాజుగొట్టం ఒకటుంది నా దగ్గర. నీళ్ళలో ఉప్పు పెరిగేకొద్దీ అది పైకి తేలుతుంది. తీసుకొచ్చి పులుసు గిన్నెలో వదిలాను. అది మునగనే లేదు, ముక్కలమధ్య కర్రలా నించుంది. కళ్ళజోడు సర్దుకుని, వంగి, అంకెలు శ్రద్ధగా చదివి, తలుపుదాకా వినపడేలా మా ఆవిడతో అన్నాను:

"ఈ పులుసులో ఏ చేపా బతకదని చెప్పు."