మూతల ఇక్బాల్ బీ

మూత కనిపిస్తే ఇక్బాల్ బీ చెయ్యి ఆగదు. అది అన్నం గిన్నె మీది మూత కావచ్చు, తొక్కు జాడీ మీది మూత కావచ్చు, పెళ్లివారి దేగిసా మీద బోర్లించిన పెద్ద పళ్లెం కావచ్చు. ఎత్తుతుంది, లోపలికి చూస్తుంది, చూసింది చూసినట్టు చుట్టుపక్కల వాళ్లకు వినపడేలా చెబుతుంది, మళ్లీ పదిలంగా మూసేస్తుంది. భువనగిరిలో ఈ పనిని ఆమె కొన్నేళ్లుగా నాగా లేకుండా చేస్తోంది. ఊళ్లో ఇక్బాల్ బీలు ఇంకా ఉన్నారు కాబట్టి, ఈమెను గుర్తుపట్టడానికి అందరూ మూతల ఇక్బాల్ బీ అంటారు.

షాద్‌నగర్ నుంచి ఆడపిల్లల హైస్కూలుకు బదిలీ అయి వచ్చిన మంజులత టీచరుకు ఈ సంగతి తెలియదు. తెలియకనే ఇక్బాల్ బీ ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుంది. సామాను దించి కుక్కరు పొయ్యి మీద పెట్టిన కాసేపటికే ఇంటామె లోపలికి వచ్చి మూత పట్టుకుని గుంజింది. రాలేదు. రెండు చేతులతో గుంజింది. రాలేదు.

"గిదేం మూత బిడ్డా, లోపలికెంచి ఎవలన్న పట్టుకున్నరా?"

కుక్కరు కూత పెట్టింది. ఇక్బాల్ బీ ఒక్క గెంతులో గడప అవతల పడింది. కొంగు సర్దుకుని, కిటికీలోంచి తొంగిచూసి, "పప్పే. వాసన వచ్చింది" అని గల్లీకి చెప్పి వెళ్లిపోయింది.

ఆమె భర్త బషీర్ బస్టాండు దగ్గర గొడుగులు, టార్చిలైట్లు, తాళాలు బాగుచేస్తాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మంజులత ఫిర్యాదు చేయబోతే చేతిలోని తాళం కింద పెట్టి నిదానంగా అన్నాడు.

"టీచరమ్మా, మా పెండ్లినాడు నేను ఆమె ముసుగు తీసేలోపల ఆమె పోయి బిర్యానీ దేగిసా మూత తీసింది. నాతోని మాట్లాడిన మొదటి మాట ఏందో తెలుసా? ముక్కలు తక్కువున్నయ్ అన్నది. ఇగ నీ కుక్కరెంత."

ఒకసారి బషీర్‌కు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు గదిలో స్టౌ మీద ఒక స్టీలు డబ్బా ఉడుకుతోంది. ఇక్బాల్ బీ మూత ఎత్తింది. బయట వరుసలో కూర్చున్న రోగులకు వినపడేలా, "సూదులు. ఇంక ఉడకాలె" అని చెప్పింది. వరుసలో సగం మంది లేచి ఇంటికి పోయారు.

అందరికంటే ఎక్కువ బాధపడింది బస్టాండు పక్కన టిఫిన్ హోటలు నడిపే లీలమ్మ. ఒకరోజు పొద్దున ఇక్బాల్ బీ అటుగా పోతూ సాంబారు గంజు మూత ఎత్తి, బెంచీల మీద ఇడ్లీలు తింటున్నవాళ్లతో, "ఇయ్యాల కొత్తది గాదు, నిన్నటిదాంట్లనే నీళ్లు కలిపింది" అంది. లీలమ్మ గరిటె పట్టుకుని కోట గుట్ట దాకా తరిమిందని కొందరు, బజారు దాకానే అని కొందరు చెబుతారు. ఆ తరవాత లీలమ్మ ప్రతి మూత మీదా ఒక రాయి పెట్టడం మొదలుపెట్టింది. ఇక్బాల్ బీకి దానివల్ల ఒక పని పెరిగింది, అంతే. ముందు రాయి తీసేది, తరవాత మూత తీసేది.

ఎనభై ఏడులో కరువు పడింది. బావులు అడుగంటాయి. చుట్టుపక్కల ఊళ్లలో గంజి కేంద్రాలు తెరిచారు. ఊరికి ఏదైనా చేయాలని మిత్రమండలి కార్యదర్శి రామచంద్రం ఆలోచించాడు. ఆయనకు బజారులో బట్టల దుకాణం ఉంది. ఏదో పత్రికలో బొమ్మ చూశాడట. దూరదేశంలో ఎక్కడో తినే సామాను నింపిన డబ్బాలను ఒకదాని మీద ఒకటి పేర్చి పెద్దపెద్ద బొమ్మలు కడతారు, జనం చూసి ముచ్చట పడ్డాక వాటిని విప్పి ఆకలితో ఉన్నవాళ్లకు పంచుతారు. మనమెందుకు చేయకూడదన్నాడు. మార్కెట్ షెడ్డులో డబ్బాల పోటీ అని మైకులో చాటించాడు. డబ్బా ఏదైనా సరే, లోపల పాడుకాని తిండి సామాను నిండుగా ఉండాలి, మూత బిగించి ఉండాలి, పంచేదాకా మూత ఎవరూ తీయకూడదు. ఇవీ షరతులు.

ఇక్బాల్ బీకి చివరి షరతు మింగుడుపడలేదు.

"మూత తియ్యనియ్యరా? మరి సూడనీకి ఏమున్నదని పిలుస్తున్నరు?"

రామచంద్రం మంజులతను పక్కకు పిలిచి చెప్పాడు. "టీచరమ్మా, ఏమనుకోకున్రి. మీ ఇంటామెను జర ఇంట్లనే ఉంచున్రి."

పోటీ రోజు షెడ్డు కళకళలాడింది. రైసుమిల్లు వాళ్లు డాల్డా డబ్బాలతో చార్మినార్ కట్టారు. కాలేజీ పిల్లలు బిస్కెట్ డబ్బాలతో భువనగిరి కోట కట్టారు, గుట్ట కాస్త పక్కకు ఒరిగింది. లారీ డ్రైవర్లు పాలపొడి డబ్బాలతో లారీ కట్టి దానికి నిజం హారన్ బిగించారు. మొత్తం షెడ్డులో తినడానికి పనికిరాని వస్తువు అదొక్కటే. మంజులత తరగతి పిల్లలు బతుకమ్మ కట్టారు. కింద పెద్ద డబ్బాలు, పైకి పోనుపోను చిన్నవి, ప్రతి వరుసకూ ఒక రంగు కాగితం. తంగేడు పసుపు, గునుగు తెలుపు, కట్ల నీలం. తలా ఒక డబ్బా నింపి తేవాలనీ, తేనివాళ్లు పోటీకి రావద్దనీ మంజులత తరగతిలో గట్టిగా చెప్పింది. అందరూ తెచ్చారు. ఒక్కరూ తప్పలేదు. ఆమెకు గర్వంగా ఉంది.

మధ్యాహ్నం ఇక్బాల్ బీ టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. గేటు దగ్గర మిత్రమండలి కుర్రాళ్లు ఆపారు.

"టీచరమ్మకు అన్నం. పొద్దుగాలకెంచి ఏం తినలే పిల్ల."

"దాంట్ల ఏమున్నదో సూడాలె" అన్నాడు ఒకడు, మూత తీస్తూ.

ఇక్బాల్ బీ ముఖం వికసించింది. "సూడు నాయనా, మంచిగ సూడు. కింద గిన్నె కూడ సూడు" అని దగ్గరుండి అన్నీ తెరిపించి లోపలికి వచ్చింది.

మంజులత అన్నం తింటున్నంతసేపూ ఆమె చేతులు వెనక్కి కట్టుకుని బతుకమ్మ చుట్టూ తిరిగింది. ఒకసారి తిరిగింది, మళ్లీ తిరిగింది. మూడోసారి వెనకవైపుకు పోయి ఇక రాలేదు. మూత ఊడిన చప్పుడు వినపడింది. మంజులత కళ్లు మూసుకుంది. ఇప్పుడు షెడ్డంతా వినపడేలా ఏ డబ్బాలో ఏముందో చెబుతుందని ఎదురుచూసింది. మాట రాలేదు. ఇంకో మూత చప్పుడు. మాట రాలేదు. ఇంకోటి. ఇక్బాల్ బీ మూత తీసి మాట్లాడకపోవడం మంజులత ఎన్నడూ ఎరగదు. చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లింది.

"ఖాలా, ఏముంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇక్కడేం చేస్తున్నవ్? మూతలు పెట్టెయ్యి, ఎవరన్న చూస్తరు."

"ఏం లేదు బిడ్డా" అంది ఇక్బాల్ బీ మళ్లీ, ఇంకా మెల్లగా. చేతిలోని డబ్బా ఆమె వైపు వంచింది.

లోపల నిజంగానే ఏమీ లేదు. డబ్బా అడుగు తళతళ మెరుస్తోంది, బాగా తోమారు. పక్కదీ అంతే. తంగేడు వరుసలో చాలామటుకు అంతే. నాలుగింటికి పెద్దలొస్తారు. పోటీ అయ్యాక ఊరందరి ముందూ డబ్బాలు లెక్కగట్టి తీసుకుంటారు. పిల్లలు దూరంగా ఒక గుంపుగా నిలబడి నేల చూస్తున్నారు.

"నన్ను మోసం చేసిండ్రు" అంది ఆమె. "ఇప్పుడే పిలిచి అడుగుత."

ఇక్బాల్ బీ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఏం అడుగుతవ్? మీ ఇంట్ల ఏం లేదా అని అడుగుతవా? ఉంటే నింపకపోదురా? రావద్దంటివి. పిల్లలకు రావాలని ఉండె. ఖాళీ డబ్బానే తోమి, కాయితం అతికించి తెచ్చిండ్రు. ఇయ్యాల అడిగితె రేపు ఒక్క పిల్ల బడికి రాదు."

మంజులత పిల్లల వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"ఫికర్ చెయ్యకు. రెండు సంచులు తీస్కొని నా ఎంబడి రా."

మొదట రామచంద్రం ఇంటికే పోయారు. ఆయన భార్య తలుపు తీసింది.

"అమ్మా, కరువు డబ్బాలకు జర కందిపప్పు ఇయ్యి."

"ఎక్కడిది ఇక్బాల్ బీ, నెలాఖరు గదా."

"మూలకు నీలం డ్రమ్ముల మీది దాక ఉన్నది."

"ఎప్పుడు సూసినవ్?"

"మొన్న. నువ్వు కొప్పు ముడుసుకుంటున్నప్పుడు."

ఆమె కొప్పు తడుముకుంది. నవ్వాపుకుంటూ లోపలికి పోయి తన భర్త దుకాణం పేరున్న బట్టసంచీ నిండా పప్పు తెచ్చింది.

ఆ తరవాత ఇళ్లన్నీ అలాగే గడిచాయి. జొన్నలు లేవన్న పెద్దమనిషికి మంచం కింది కుండ గుర్తుచేసింది. బియ్యం అయిపోయాయన్న రైసుమిల్లు ఆయన ఇంట్లో కొత్త కోడలి గది అటక సంగతి చెప్పింది. అటక మీద బియ్యమున్నాయని కోడలికే తెలియదు. ఊళ్లో ఏ ఇంట్లో ఏ పాత్రలో ఏది ఏ మట్టానికి ఉందో ఇక్బాల్ బీకి కంఠోపాఠం. సంచులు బరువెక్కాయి. మంజులత భుజాలు నొప్పి పెట్టాయి.

లీలమ్మ హోటలు దగ్గర మంజులత ఆగిపోయింది. "ఇక్కడొద్దు ఖాలా, కొడుతది."

లీలమ్మ వీళ్లను చూసింది, సంచులను చూసింది. ఏమిటని అడగలేదు. వెనక గదిలోకి పోయి బస్తాలోంచి మినపప్పు చేటలతో ఎత్తి పోయసాగింది. ఇక్బాల్ బీ ఆ సందులో హోటల్లోకి పోయి రాళ్లు తీసి మూతలు చూసుకుంటోంది.

"మీ ఇద్దరికి పడదనుకున్న" అంది మంజులత.

"పడదు" అంది లీలమ్మ. "నా హోటల్ల సాంబారు సంగతి ఊరంత చెప్పింది. ఎట్ల పడతది?" చేట దులిపి ఇంకోటి పోసింది. "మా ఇంటాయన కాలిరిగి దవాఖానల పడ్డప్పుడు ఇంట్ల గింజ లేకుండె. ఎవలకు తెలియనియ్యలే. ఒట్టి గంజు పొయ్యి మీద పెట్టి మూత పెట్టేదాన్ని, గల్లీల పొగ కనవడాలె గదా. ఈమె వచ్చి మూత తీసింది. ఇగ నా బతుకు బజార్ల పడ్డదనుకున్న. ఏం అనలే. మూత పెట్టి పోయింది. మాపటికి బషీర్ భాయి బియ్యం మూట తెచ్చి, గొడుగు బాగుచేసిన, తీస్కో అని గడపల పెట్టి పోయిండు. నాకు గొడుగే లేదు."

మంజులత నవ్వబోయి ఆగిపోయింది.

"ఆమె నోరు సూస్తివా, ఎంత పెద్దదో. అయినా పలానోళ్ల గంజు ఖాళీ అని ఆ నోట్లకెంచి ఎన్నడన్న ఇన్నవా? నేనైతే ఇనలే."

మంజులత ఆలోచించింది. తానూ వినలేదు. ఈ ఊరొచ్చినప్పటి నుంచి ఇక్బాల్ బీ చాటిన పాత్రలన్నీ ఏదో ఒకదానితో నిండినవే.

షెడ్డుకు తిరిగొచ్చి, బతుకమ్మ వెనక ఒక చీర తెరలాగ కట్టి నింపడం మొదలుపెట్టారు. పిల్లలు పిలవకుండానే వచ్చి డబ్బాలు అందించారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పని సగమైందో లేదో తెర పక్కకు జరిగింది. రామచంద్రం.

"ఈమెను ఎవలు రానిచ్చిండ్రు? ఇక్బాల్ బీ, మూతలు తీసినవా?"

"నేను ముట్టనే లేదు" అంది ఇక్బాల్ బీ. ఒక చేతిలో మూత ఉంది. మోచేతి దాకా పప్పు దుమ్ము ఉంది.

"ముట్టలేదా?"

"అల్లా మీద... వద్దులే, ఒట్టెందుకు. ముట్టలేదంటున్న గదా."

భువనగిరిలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అదే అయ్యుండాలి. చాలా నాసిరకంగా చెప్పింది. రామచంద్రం ఆ మూతను చూశాడు. వాలిన పిల్లల తలలు చూశాడు. నేల మీద తన దుకాణం పేరున్న సంచీని, అందులోని కందిపప్పును కాస్త ఎక్కువసేపు చూశాడు. తరవాత తెరను తనే సరిగ్గా జరిపి, గేటు దగ్గరి కుర్రాళ్లతో గట్టిగా అన్నాడు.

"నాలుగింటి దాక ఇటుదిక్కు ఎవ్వలు రావద్దు. నేను సూసిన, అంత మంచిగున్నది."

మొదటి బహుమతి లారీకి వచ్చింది. న్యాయనిర్ణేతలకు హారన్ నచ్చింది. రెండోది బతుకమ్మకు వచ్చింది. దాని చుట్టూ పిల్లలు చప్పట్లు కొడుతూ పాడుతుంటే షెడ్డులో ఆడవాళ్లంతా వచ్చి కలిశారు, చార్మినార్ దగ్గర ఒక్కరూ మిగల్లేదు. బొమ్మలు విప్పి డబ్బాలు లెక్కగట్టినప్పుడు ఎత్తలేక ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చినవి తంగేడు వరుసవే.

మర్నాడు డబ్బాలు పంచడానికి ఊళ్లకు పోయే లారీలో ముందు సీటు ఇక్బాల్ బీకి ఇవ్వమని రామచంద్రమే చెప్పాడు. "ఎవల ఇంట్ల అవసరముందో అడిగితె ఎవలు చెప్తరు? ఆమెను పంపున్రి" అన్నాడు. మంజులత ఆమె పక్కన కూర్చుంది.

మొదటి ఊళ్లో ఇక్బాల్ బీ ఒక ఇంట్లోకి పోయి, మంచినీళ్లు అడిగి, మాటల్లోనే పొయ్యి దగ్గరికి నడిచింది. మూత తీసింది, పెట్టింది. నీళ్లు చల్లగున్నాయని మెచ్చుకుని బయటికి వచ్చింది. లారీ దగ్గర మంజులత చెవిలో, "రెండు దించు" అంది. పక్కింట్లో కూడా దాహమేసింది. "మూడు." ఎండ పెరిగేకొద్దీ ఆమె దాహమూ పెరిగింది. గుమ్మాల పక్కన డబ్బాలు నిలబడ్డాయి. ఏ ఇంట్లో ఏం చూసిందో మంజులత అడగలేదు, ఆమె చెప్పలేదు.

గల్లీ చివర ఒక చిన్న ఇల్లుంది. ఇక్బాల్ బీ లోపలికి పోయింది. మూత చప్పుడైంది. మంజులత ఎన్ని దించాలో అని లారీ పక్కన సిద్ధంగా నిలబడింది. అంతలో ఆ ఇంట్లోంచి గల్లీ ఈ కొస దాకా వినపడే గొంతు లేచింది.

"టీచరమ్మా, జల్ది రా. ఈడ జొన్న రొట్టెలున్నయ్, పచ్చిపులుసు ఉన్నది. ఉల్లిగడ్డలు జర ఎక్కువనే ఏసిండ్రు."

లోపలి నుంచి ఎవరో ఆడమనిషి నవ్వింది. పీటలు వాల్చిన చప్పుడైంది.